న్యూయార్క్ ప్రైమరీ పిటిషన్ సంతకాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా ఫిబ్రవరి చివర్లో, ఇంకా మంచు కరగకముందే, క్వీన్స్‌లోనూ లాంగ్ ఐలాండ్‌లోనూ తలుపులు తట్టే పిటిషన్ల కాలం మొదలవుతుంది. అప్పుడు మన తెలుగువాళ్ల నుంచి అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తాయి. కొందరు సంతకం పెట్టొచ్చా అని అడుగుతారు. కొందరు స్నేహితుడి కోసం సంతకాలు పట్టాలనుకుంటారు. ఈమధ్య తామే సిటీ కౌన్సిల్‌కో టౌన్ బోర్డుకో నిలబడాలని చూస్తున్నవాళ్లూ పెరిగారు. అందరికీ పనికొచ్చేలా జవాబులన్నీ ఇక్కడ రాశాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

నా ఉద్దేశం ముందే చెప్తాను. అభ్యర్థికి జనంలో కొంత మద్దతు ఉందో లేదో చూసే నియమం ఉండాలి. కాగితం నింపడంలో చిన్న పొరపాటు దొరికితే మనిషినే బ్యాలెట్ నుంచి తీసేసే నియమాలు మాత్రం పోవాలి. చివరి భాగంలో ఆ మార్పుల గురించి రాశాను.

## మొదటి సందేహాలు

అసలు ఈ పిటిషన్ ఏంటి? మన ఊళ్లో నామినేషన్ వేసినట్టేనా?

ఉద్దేశం అదే కానీ పద్ధతి చాలా వేరు. ఇండియాలో అసెంబ్లీకి పోటీ చేసేటప్పుడు గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు, ఇండిపెండెంట్‌కైతే పది మంది కావాలి. దాంతోపాటు 10,000 రూపాయల డిపాజిట్ కడతారు, ఎస్సీ, ఎస్టీలకు అందులో సగం. టికెట్ ఎవరికన్నది పార్టీ అధిష్ఠానం తేలుస్తుంది.

న్యూయార్క్‌లో ఆ టికెట్ ఎవరికన్నది పార్టీ ఓటర్లే ప్రైమరీ ఎన్నికలో తేలుస్తారు. ఆ ప్రైమరీ బ్యాలెట్ మీద మీ పేరు రావాలంటే, అదే పార్టీలో నమోదై అదే నియోజకవర్గంలో ఉంటున్న ఓటర్లు వందల్లోనో వేలల్లోనో సంతకాలు చెయ్యాలి. ఆ సంతకాల కాగితాల కట్టనే డిజిగ్నేటింగ్ పిటిషన్ అంటారు. డిపాజిట్ ఏమీ ఉండదు.

ఏ పదవికి ఎన్ని సంతకాలు కావాలి?

రాష్ట్ర ఎన్నికల చట్టం ప్రకారం ఆ నియోజకవర్గంలో పార్టీకి ఉన్న యాక్టివ్ ఓటర్లలో (జాబితాలో ‘ఇనాక్టివ్’ అని గుర్తు పెట్టనివాళ్లలో) 5 శాతం కావాలి. అయితే పదవిని బట్టి పై పరిమితి ఉంది, రెండింట్లో ఏది తక్కువైతే అది తెస్తే సరిపోతుంది. రాష్ట్ర అసెంబ్లీకి 500, రాష్ట్ర సెనేట్‌కి 1,000, అమెరికా కాంగ్రెస్‌కి 1,250.

న్యూయార్క్ నగర పదవులకు సిటీ చార్టర్, అంటే నగర పాలనకు మూల చట్టం, ఈ సంఖ్యలను తగ్గించింది. మేయర్, కంప్ట్రోలర్, పబ్లిక్ అడ్వకేట్‌లకు 3,750, బరో ప్రెసిడెంట్‌కి 2,000, సిటీ కౌన్సిల్‌కి 450. రాష్ట్ర చట్టంలో కౌన్సిల్ సంఖ్య 900, అంటే చార్టర్ సగానికి సగం తగ్గించిందన్నమాట.

సంతకాలు పట్టడానికి ఎన్ని రోజులుంటాయి?

దాఖలుకు చివరి తేదీకి 37 రోజుల ముందు మొదలుపెట్టాలి. అంతకుముందు పట్టిన సంతకం చెల్లదు. 2025లో ఫిబ్రవరి 25న మొదలై, మార్చి 31 నుంచి ఏప్రిల్ 3 దాకా దాఖలు చేసుకున్నారు. ప్రైమరీ జూన్ 24న జరిగింది. ఏటా తేదీలు మారతాయి కాబట్టి బోర్డ్ ఆఫ్ ఎలక్షన్స్ ఆ ఏడాదికి ఇచ్చే క్యాలెండర్ చూసుకోండి. రోజులు సరిపోతాయనిపిస్తుంది కానీ మార్చి చలిలో సాయంత్రం ఆరు దాటాక తలుపు తీసేవాళ్లు తక్కువ. ఉద్యోగం చేసుకునే అభ్యర్థికి నిజంగా మిగిలేవి శని, ఆదివారాలే.

పార్టీ క్లబ్బు (పార్టీ వాళ్ల స్థానిక సంఘం) మనిషికి ఇది సులువనీ, కొత్తవాళ్లకు కష్టమనీ అంటారు. ఎందుకని?

ఒకే పిటిషన్ కాగితం మీద చాలా పదవుల అభ్యర్థుల పేర్లు కలిపి వేసుకోవచ్చు. క్లబ్బు అండ ఉన్న అభ్యర్థి పేరు అసెంబ్లీ, సెనేట్, కౌన్సిల్ పేర్లతో కలిసి ఒకే షీట్ మీద ఉంటుంది. అన్ని ప్రచారాల వాలంటీర్లూ ఆ ఒక్క షీట్ పట్టుకుని తిరుగుతారు, కాబట్టి ఒక్క సంతకం అందరికీ లెక్కలోకి వస్తుంది. కొత్త అభ్యర్థి తన షీట్ తనే మోసుకోవాలి.

రెండో కారణం, క్లబ్బులకు ఎన్నికల లాయర్లు ఉంటారు. ప్రింటుకి వెళ్లకముందే షీట్ నమూనాను వాళ్లు చూసి పెడతారు. బయటి మనిషికి అభ్యంతరం వచ్చాక గానీ లాయర్ గుర్తుకు రాడు. అప్పటికి చేతిలో ఉండేవి రోజులే.

సంతకాలకు బదులు ఫీజు కట్టేస్తే కుదరదా?

న్యూయార్క్‌లో కుదరదు, కొన్ని రాష్ట్రాల్లో కుదురుతుంది. టెక్సస్‌లో రాష్ట్ర ప్రతినిధుల సభ ప్రైమరీకి 750 డాలర్లు కట్టొచ్చు, లేదంటే 500 సంతకాలు తేవచ్చు. ఫ్రిస్కో, అర్వింగ్ ప్రాంతాల్లో ఉన్న మనవాళ్లకు ఈ పద్ధతి తెలిసే ఉంటుంది. డబ్బు కట్టలేని అభ్యర్థికి వేరే దారి లేకుండా ఫీజు ఒక్కటే పెట్టకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1974లో లూబిన్ వర్సెస్ పానిష్ కేసులో తీర్పిచ్చింది.

వర్జీనియా ఇంకోరకం. అక్కడ రాష్ట్రస్థాయి ప్రైమరీకి 10,000 సంతకాలు కావాలి, అందులో 11 కాంగ్రెషనల్ డిస్ట్రిక్టుల్లో ఒక్కోదాన్నుంచీ కనీసం 400 ఉండాలి. హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ 2025లో లెఫ్టినెంట్ గవర్నర్ పదవికి డెమొక్రటిక్ ప్రైమరీ గెలిచింది ఆ రాష్ట్రంలోనే.

నేను ఏ పార్టీలోనూ నమోదు కాలేదు. డెమొక్రటిక్ ప్రైమరీలో పోటీ చేయొచ్చా?

పార్టీ అనుమతిస్తేనే. 1947 నుంచి ఉన్న విల్సన్-పకులా చట్టం ప్రకారం, తమ పార్టీలో నమోదు కాని మనిషి తమ ప్రైమరీలో నిలబడాలంటే ఆ పార్టీ కమిటీ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. కొత్తవాళ్లకు అలాంటి అనుమతి దొరకడం అరుదు. పోటీ ఆలోచన ఉంటే ముందే పార్టీలో నమోదు చేసుకోండి. నమోదు మార్పు ఫిబ్రవరి 14 లోపు బోర్డుకి చేరాలి, దాటితే జూన్ ప్రైమరీ అయిపోయాకే అమలవుతుంది.

## సంతకం పెట్టేవాళ్ల సందేహాలు

నాకు గ్రీన్ కార్డు ఉంది. పక్కింటాయన అడుగుతున్నాడు, సంతకం పెట్టొచ్చా?

పెట్టకూడదు. పిటిషన్ మీద సంతకం పెట్టడమంటే "నేను ఈ పార్టీలో నమోదైన, అర్హత ఉన్న ఓటరుని" అని రాసివ్వడమే. పౌరసత్వం లేకుండా అలా రాసిస్తే ఇమిగ్రేషన్ ఫైల్లో పెద్ద చిక్కు అవుతుంది. మొహమాటానికి పోయి అంత రిస్క్ తీసుకోవద్దు. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 వాళ్లకూ ఇదే మాట.

నగర ఎన్నికల్లో పౌరులు కానివాళ్లు కూడా ఓటేయొచ్చని సిటీ కౌన్సిల్ ఒక చట్టం తెచ్చిన మాట నిజమే. అది చెల్లదని రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 2025 మార్చిలో తేల్చేసింది. ఆ పాత వార్త చదివి ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు.

మావారు ఆఫీసులో ఉన్నారు. ఆయన సంతకం నేనే పెట్టెయ్యొచ్చా?

వద్దు. ఎవరి సంతకం వాళ్లే, సాక్షి కళ్లముందే పెట్టాలి. మనిళ్లలో ఇది తప్పుగా అనిపించదు. కొరియర్ వస్తే ఒకరి బదులు ఒకరు సంతకం పెట్టేస్తాం కదా అని ఇక్కడా పెట్టేస్తారు. ఒకే చేతిరాతతో రెండు సంతకాలు కనబడితే అవతలి పక్షం లాయర్ దాన్ని మోసం కింద చూపిస్తాడు. అలాంటివి కొన్ని పోగైతే మొత్తం పిటిషనే కొట్టేయమని కోర్టుని అడుగుతారు. సాయంత్రం ఆయన ఇంటికొచ్చాక మళ్లీ రమ్మని చెప్పండి.

చిరునామా, తేదీ మాత్రం వేరేవాళ్లు నింపొచ్చు. ఓటరు స్వయంగా చేయాల్సింది సంతకం ఒక్కటే.

నేను ఎప్పుడూ తెలుగులోనే సంతకం పెడతాను. చెల్లుతుందా?

ఓటరుగా నమోదైనప్పుడు ఫారం మీద ఎలా పెట్టారో ఇక్కడా అలాగే పెట్టండి. అక్కడ తెలుగులో ఉంటే ఇక్కడా తెలుగులోనే పెట్టాలి, ఇంగ్లిష్‌లో ఉంటే ఇంగ్లిష్‌లోనే. అభ్యంతరం వస్తే పోల్చి చూసేది ఆ రికార్డుతోనే.

మన పేర్లతో ఇంకో తంటా ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, ఉద్యోగంలో పొడి అక్షరంగా, ఓటరు జాబితాలో ముందువెనకలుగా ఉంటుంది. పొడి అక్షరాలు, వాడుక పేర్లు ఉన్నా మనిషి ఎవరో పోల్చుకోగలిగితే సంతకం చెల్లుతుందని చట్టమే చెప్తోంది. అయినా సంతకం పక్కన ఓటరు జాబితాలో ఉన్న పేరు పెద్దక్షరాల్లో రాస్తే వెతికేవాళ్లకి పని తేలికవుతుంది. అలా రాయడం తప్పనిసరి కాదు, రాస్తే మంచిది.

చివరి కాలమ్‌లో ఊరు రాయమంటే ఏం రాయాలి? మేం హిక్స్‌విల్‌లో ఉంటాం.

హిక్స్‌విల్ అని రాయకండి, ఆయిస్టర్ బే అని రాయండి. అన్ని ప్రశ్నల్లోకీ నేను ఎక్కువ జాగ్రత్త చెప్పేది దీని గురించే.

ఆ కాలమ్ అడిగేది "టౌన్ లేదా సిటీ". లాంగ్ ఐలాండ్‌లో మనం ఉత్తరాల మీద రాసే ఊరి పేర్లు చాలావరకు పోస్టాఫీసు పేర్లే, చట్టం దృష్టిలో టౌన్లు కావు. హిక్స్‌విల్ ఆయిస్టర్ బే టౌన్ కిందికి వస్తుంది. చిరునామాలో ఇంటి నంబరు, వీధి పేరు అన్నీ సరిగ్గా ఉన్నా ఈ ఒక్క మాట తేడా వల్ల సంతకాలు పోయిన చరిత్ర ఉంది. 2002లో స్టాపెన్‌బాక్ వర్సెస్ స్వీనీ కేసులో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం టౌన్ పేరు ఉండాల్సిందేనని పట్టుబట్టింది. ఆ ఓటరు ఉన్నాడు, ఆ ఇంట్లోనే ఉంటున్నాడు, అభ్యర్థి నిలబడాలని నిజంగానే కోరుకున్నాడు. ఇవేవీ అక్కడ లెక్కలోకి రాలేదు.

న్యూయార్క్ నగరంలో ఆ కాలమ్‌లో రాయాల్సింది కౌంటీ పేరు. క్వీన్స్, బ్రాంక్స్‌లకు చిక్కు లేదు, రెండు పేర్లూ ఒకటే. బ్రూక్లిన్ వాళ్లు కింగ్స్ అని, మాన్‌హాటన్ వాళ్లు న్యూయార్క్ అని, స్టాటెన్ ఐలాండ్ వాళ్లు రిచ్‌మండ్ అని రాయాలి. సంతకాలు పట్టేవాళ్లు ఆ కాలమ్ ముందే ప్రింట్ చేయించుకుంటే గొడవే ఉండదు.

ఇద్దరు అభ్యర్థులూ తెలిసినవాళ్లే. ఇద్దరికీ సంతకం పెట్టొచ్చా?

ఒకే సీటుకి పోటీ పడుతున్నవాళ్లైతే ఒక్కరికే పెట్టాలి. ఇద్దరికీ పెడితే ముందు తేదీది మాత్రమే చెల్లుతుంది. వేర్వేరు పదవులైతే ఎంతమందికైనా పెట్టుకోవచ్చు. రెండో ఆయన వచ్చినప్పుడు "ఇప్పటికే ఇచ్చేశానండీ" అని చెప్పేస్తే ఆయన లెక్క కూడా తప్పకుండా ఉంటుంది.

సంతకం పెడితే ఓటు కూడా ఆయనకే వేయాలా? నా వివరాలు బయటపడతాయా?

ఓటు మీ ఇష్టం. ఈ సంతకానికి అర్థం "ఈయన పేరు బ్యాలెట్ మీద ఉండనివ్వండి" అని మాత్రమే. వివరాల సంగతంటారా, దాఖలైన పిటిషన్ పబ్లిక్ రికార్డు అవుతుంది, అడిగితే ఎవరైనా చూడొచ్చు. న్యూయార్క్‌లో మీరు ఏ పార్టీలో నమోదయ్యారన్నది అసలు ముందునుంచే పబ్లిక్ సమాచారం.

## సంతకాలు పట్టేవాళ్ల సందేహాలు

నేను హెచ్-1బీ మీద ఉన్నాను. స్నేహితుడి కోసం సంతకాలు పట్టొచ్చా?

సాక్షిగా ఉండలేరు. ప్రతి షీట్ అడుగున సాక్షి ప్రకటన ఉంటుంది. అక్కడ సంతకం చేసే మనిషి రాష్ట్రంలో ఓటరై, అదే పార్టీలో నమోదై ఉండాలి. లేదంటే నోటరీ పబ్లిక్కో, నోటరీ లాగే పత్రాలు ధ్రువీకరించే కమిషనర్ ఆఫ్ డీడ్సో అయి ఉండాలి. మీరు జీతం లేని వాలంటీరుగా తోడు వెళ్లొచ్చు, జాబితా చూసి ఇళ్లు చెప్పొచ్చు, మన భాషలో మాట్లాడి విషయం వివరించొచ్చు. సంతకం జరుగుతున్నప్పుడు మాత్రం అర్హత ఉన్న సాక్షి అక్కడే నిలబడి చూడాలి.

సాక్షి అదే నియోజకవర్గంలో ఉండాలని ఒకప్పుడు నియమం ఉండేది. 2000లో లెర్మన్ కేసులో ఫెడరల్ అప్పీల్ కోర్టు దాన్ని కొట్టేసింది. కాబట్టి బఫెలోలో ఉన్న మీ పార్టీ మిత్రుడు వచ్చి క్వీన్స్‌లో సంతకాలు పట్టొచ్చు. అభ్యర్థి తన పిటిషన్‌కి తనే సాక్షిగా ఉండొచ్చు కూడా.

షీట్ మా ఇండియన్ స్టోర్ కౌంటర్ మీద పెట్టి వెళ్తే జనం వాళ్లే సంతకం పెడతారు కదా?

పెడతారు, కానీ ఒక్కటీ చెల్లదు. ప్రతి సంతకం తన ముందు జరిగిందని సాక్షి రాసివ్వాలి. చూడకుండా చూశానని రాసిస్తే అది అబద్ధపు ప్రకటన, సంతకాలతోపాటు ఆ సాక్షి కూడా ఇబ్బందిలో పడతాడు. కౌంటర్ దగ్గర ఓ మనిషిని కూర్చోబెట్టండి.

గుడి దగ్గర నిలబడి అడగొచ్చా?

గుడి బయట పేవ్‌మెంట్ మీద అడగండి, లోపల వద్దు. పన్ను మినహాయింపు ఉన్న ధార్మిక సంస్థ ఏ అభ్యర్థి ప్రచారంలోనూ పాలుపంచుకోకూడదని ఫెడరల్ పన్ను చట్టం చెప్తుంది. ఫ్లషింగ్ గణేశ్ గుడి లాంటి చోట ఆదివారం వచ్చే జనాన్ని చూస్తే ఆశ పుడుతుంది. కానీ అక్కడికి న్యూజెర్సీ నుంచి, కనెటికట్ నుంచి కూడా భక్తులొస్తారు. పది మందిని ఆపితే మీ డిస్ట్రిక్ట్ ఓటరు ఒక్కరు దొరకడమే ఎక్కువ. ఓటరు జాబితా చేతిలో పెట్టుకుని ఇళ్లకెళ్లడం నెమ్మదిగా సాగినా, అలా పట్టిన సంతకాలే ఎక్కువగా నిలుస్తాయి.

డబ్బిచ్చి సంతకాలు పట్టించుకోవచ్చా?

గంటకో రోజుకో జీతం ఇచ్చి పెట్టుకోవచ్చు. సంతకానికి ఇంత అని ఇవ్వడం న్యూయార్క్‌లో నిషేధం. ఆ నిషేధం సరైనదేనని 2006లో పర్సన్ కేసులో ఫెడరల్ అప్పీల్ కోర్టు సమర్థించింది.

తేదీ తప్పుపడింది, కొట్టేసి పైన దిద్దాం. ఫరవాలేదా?

దిద్దినచోట సాక్షి తన ఇనీషియల్స్ వేయాలి, లేకపోతే ఆ సంతకం పోవచ్చు. దిద్దుబాటు ఎక్కువగా ఉంటే ఆ లైను కొట్టేసి కింద కొత్త లైనులో మళ్లీ పెట్టించుకోవడం మేలు. షీట్ మీద ఉన్న చివరి సంతకం తేదీ కంటే సాక్షి తేదీ ముందు ఉండకూడదు. సోమవారం సాక్షి ప్రకటన నింపేసి, మంగళవారం అదే షీట్ మీద ఇంకో రెండు సంతకాలు పట్టినవాళ్ల కాగితాలు అభ్యంతరాలప్పుడు ముందుగా పట్టుబడతాయి.

450 కావాలంటే 450 పడితే చాలదా?

చాలదు. కనీసం రెండింతలు, వీలైతే మూడింతలు పట్టండి. సంతకం పెట్టినాయన వేరే పార్టీలో ఉండొచ్చు, ఇల్లు మారిన సంగతి బోర్డుకి చెప్పి ఉండకపోవచ్చు, వీధికి అవతలి వైపు వేరే డిస్ట్రిక్ట్ కావొచ్చు, ముందు రోజే ఇంకొకరికి పెట్టేసి ఉండొచ్చు. రోజూ రాత్రి ఆ రోజు షీట్లను ఓటరు జాబితాతో సరిచూసుకోండి. చెల్లనివి తీసేయగా మిగిలిన లెక్కే మీ నిజమైన లెక్క. చివరి వారంలో ఒకేసారి చూసుకుందామంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

## దాఖలు, అభ్యంతరాలు

కవర్ షీట్ అంటే ఏంటి? అంత ముఖ్యమా?

పది షీట్లు, అంతకు మించితే పైన పెట్టాల్సిన వివరాల కాగితం. అభ్యర్థి పేరు, పదవి, చిరునామా, ఎన్ని వాల్యూమ్‌లు (షీట్ల కట్టలు), ఎన్ని సంతకాలు లాంటివి అందులో ఉంటాయి.

ముఖ్యమా అంటే ఒక సంగతి చెప్తాను. 2020లో మాన్‌హాటన్ అప్పర్ ఈస్ట్ సైడ్ అసెంబ్లీ సభ్యురాలు రెబెకా సీరైట్ కవర్ షీట్ గడువు దాటాక దాఖలైంది. అది కోవిడ్ మొదటి అల, ఆమె అనారోగ్యంతో ఉన్నారు. ఆమె అప్పటికే పదవిలో ఉన్న మనిషి, జనం మద్దతు గురించి ఎవరికీ సందేహం లేదు. అయినా గడువు దాటడం సరిదిద్దలేని లోపమని రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం తీర్పిచ్చింది. ఆమె పేరు డెమొక్రటిక్ ప్రైమరీ బ్యాలెట్ నుంచి పోయింది. నవంబరులో బ్యాలెట్ మీద డెమొక్రటిక్ పార్టీ పేరుతో కాకుండా సొంతంగా పెట్టుకున్న పేరు కింద (సొంత లైన్ మీద) నిలబడి గెలిచారు. పదవిలో ఉండి, లాయర్ల సాయం ఉన్నావిడ పరిస్థితే అది. మొదటిసారి నిలబడే మనిషి గతి ఏమిటో ఆలోచించండి.

కవర్ షీట్ వేళకి దాఖలై, అందులో ఏదైనా తప్పుంటే సరిదిద్దుకోవడానికి బోర్డు నోటీసు తర్వాత 3 పనిరోజులు ఇస్తారు. వేళకి ఇవ్వకపోతే ఆ వెసులుబాటు కూడా ఉండదు.

అభ్యంతరం ఎవరు పెడతారు? ఎలా?

ఆ పదవికి ఓటేసే హక్కున్న ఓటరు ఎవరైనా పెట్టొచ్చు. చాలాసార్లు వెనక ఉండేది పోటీ అభ్యర్థే. దాఖలైన 3 రోజుల్లో సాధారణ అభ్యంతరం, ఆ తర్వాత 6 రోజుల్లో వివరాల జాబితా ఇవ్వాలి. ఆ జాబితాలో ఏ షీట్, ఏ లైన్, ఏ కారణం అని ఒక్కొక్కటీ రాస్తారు. నమోదు కాలేదు, పార్టీ వేరు, డిస్ట్రిక్ట్ బయట, రెండోసారి సంతకం ఇలా కారణాలుంటాయి. బోర్డు సిబ్బంది లైను లైనూ చూసి రిపోర్టు ఇస్తారు, కమిషనర్లు విచారించి తేలుస్తారు. న్యూయార్క్ నగర బోర్డులో పది మంది కమిషనర్లు ఉంటారు, బరోకి ఇద్దరు చొప్పున, రెండు పెద్ద పార్టీల నుంచి.

ఇది న్యూయార్క్‌కే పరిమితమైన వ్యవహారం కాదు. బరాక్ ఒబామా 1996లో మొదటిసారి ఇల్లినాయ్ రాష్ట్ర సెనేట్‌కి నిలబడ్డప్పుడు, అప్పటికి ఆ సీటులో ఉన్న ఆలిస్ పామర్‌తో సహా పోటీదారుల పిటిషన్లను సవాలు చేసి అందర్నీ బ్యాలెట్ నుంచి తప్పించారు. ప్రైమరీలో ఆయనొక్కరే మిగిలారు.

కోర్టుకి వెళ్లడానికి ఎంత గడువు?

దాఖలు చివరి తేదీ నుంచి 14 రోజులు. ఆ లోపే కేసు వేసి, అవతలి వాళ్లకు నోటీసు అందించడం కూడా పూర్తవ్వాలి. బోర్డు తీర్పు వచ్చాక చూద్దామని ఆగితే గడువు దాటిపోయే ప్రమాదముంది. ఇంకో మాట, ఇక్కడ "సుప్రీంకోర్టు" అంటే కింది కోర్టు. అందరికన్నా పైనుండేది కోర్ట్ ఆఫ్ అప్పీల్స్.

## నియమాలు సులువు చేయడం

ఇవి ఇంతకుముందు ఇంకా కష్టంగా ఉండేవా?

ఉండేవి. 1990లలో వచ్చిన సవరణలతో చాలా మారింది. ముఖ్యంగా 1996 సంస్కరణ చట్టంతో, మోసాన్ని అడ్డుకునే ఉద్దేశానికి భంగం లేకుండా ఈ నియమాలను ఉదారంగా అర్థం చేసుకోవాలన్న మాట చట్టంలోకి ఎక్కింది. అప్పటికీ అన్నీ తీరలేదు. 2000లో జాన్ మెకెయిన్ అంతటి మనిషి కూడా న్యూయార్క్ రిపబ్లికన్ ప్రైమరీ బ్యాలెట్ మీదికి రావడానికి ఫెడరల్ కోర్టుకి వెళ్లాల్సి వచ్చింది.

కోవిడ్‌లో సంతకాలు తగ్గించారు కదా, అప్పుడేమైనా కొంప మునిగిందా?

మునగలేదు. 2020 మార్చిలో గవర్నర్ ఉత్తర్వుతో అవసరమైన సంతకాలను 30 శాతానికి తగ్గించి, సేకరణను మార్చి 17తో ఆపేశారు. 2021లో శాసనసభ అదే 30 శాతాన్ని చట్టం చేసింది. చార్టర్ సంఖ్యల మీద కాదు, రాష్ట్ర చట్టంలోని సంఖ్యల మీద 30 శాతం కట్టారు కాబట్టి సిటీ కౌన్సిల్‌కి 270, మేయర్‌కి 2,250 లెక్కన సరిపోయాయి.

అప్పుడు డెమొక్రటిక్ మేయర్ ప్రైమరీ బ్యాలెట్ మీద 13 పేర్లు వచ్చాయి. 2025లో సంఖ్య మళ్లీ 3,750కి పెరిగాక 11 పేర్లు వచ్చాయి. ఎన్నికకీ ఎన్నికకీ వేరే కారణాలుంటాయని ఒప్పుకుంటాను. కానీ సంతకాలు తగ్గిస్తే బ్యాలెట్ చాంతాడంత అవుతుందని భయపెట్టేవాళ్లకి ఈ రెండు అంకెలూ చూపిస్తాను.

ఆన్‌లైన్‌లో సంతకం పెట్టే వీలు లేదా?

న్యూయార్క్‌లో లేదు. అరిజోనాలో ఉంది. అక్కడ ఈ-క్వాల్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఓటరు తన గుర్తింపు వివరాలు ఇచ్చి అభ్యర్థి పిటిషన్ మీద సంతకం పెట్టొచ్చు. ఓటరు అర్హత అక్కడికక్కడే తేలిపోతుంది. చేతిరాత గొడవ, టౌన్ పేరు గొడవ, రెండోసారి సంతకం గొడవ పుట్టకముందే పోతాయి. కాగితం షీట్లు కూడా అక్కడ ఉన్నాయి కాబట్టి కంప్యూటర్ అలవాటు లేని పెద్దవాళ్లకి నష్టం లేదు.

మరి మోసాలు జరగవా? కడక్ నియమాలు అందుకే కదా?

దొంగ సంతకాలు జరుగుతాయి, వాటికి శిక్ష ఉండాల్సిందే. సాక్షి నియమం, సంతకం రికార్డుతో పోల్చడం, అభ్యంతరం పెట్టే హక్కు, ఇవన్నీ మోసాన్ని పట్టడానికి పనికొచ్చేవే. వాటిని తీసేయమని నేను అడగను. కానీ హిక్స్‌విల్ అని రాసిన ఓటరు చేసిన మోసం ఏమిటి? కాగితం ఒకరోజు ఆలస్యమైనంత మాత్రాన దొంగ సంతకం మంచిదైపోదు, మంచి సంతకం దొంగదైపోదు. ఈ రెండు రకాల నియమాలనూ ఒకే గాటన కట్టడం వల్లే ఇన్నాళ్లూ ఏదీ కదల్లేదు.

మీరైతే ఏం మారుస్తారు?

అన్నిటికన్నా ముందు, సరిదిద్దుకునే గడువు. ఓటరు ఎవరో తెలుస్తున్నప్పుడు టౌన్ పేరు, దిద్దుబాటు ఇనీషియల్స్, కవర్ షీట్ ఆలస్యం లాంటి కాగితం లోపాలన్నిటికీ నోటీసు ఇచ్చి కొన్ని రోజులు గడువివ్వాలి. ఖర్చు దాదాపు ఉండదు, కొత్త అభ్యర్థులకు దీనంత మేలు చేసేది ఇంకోటి లేదు.

సంఖ్యలను 2021 స్థాయిలో శాశ్వతంగా ఉంచొచ్చు. సేకరణను ఇంకొన్ని వారాలు పొడిగించొచ్చు.

న్యూయార్క్ నగరంలో ఇంకో మంచి దారి కూడా ఉంది. చిన్న విరాళాలకు తోడుగా నగరం ప్రచారానికి డబ్బిచ్చే సిటీ మ్యాచింగ్ ఫండ్స్ పథకంలో కౌన్సిల్ అభ్యర్థికి డబ్బు రావాలంటే తన డిస్ట్రిక్ట్‌లో 75 మంది నుంచి చిన్న విరాళాలు, మొత్తం కనీసం 5,000 డాలర్లు చూపించాలి. జేబులోంచి డబ్బు తీసిచ్చిన మద్దతు సంతకం కంటే గట్టిది. సిటీ సంస్థ ఆ విరాళాలను ఒక్కొక్కటీ తనిఖీ చేస్తుంది కూడా. ఆ గీత దాటిన అభ్యర్థిని మళ్లీ చలిలో 450 సంతకాలకు తిప్పాల్సిన పనేముంది? సంతకాలో విరాళాలో ఏదో ఒకటి చాలనాలి.

ఈ మార్పులు ఎవరిని అడగాలి?

రాష్ట్ర ఎన్నికల చట్టం మారాలంటే రాష్ట్ర రాజధాని ఆల్బనీలో శాసనసభ ఆమోదించి గవర్నర్ సంతకం పెట్టాలి. అందుకని మీ అసెంబ్లీ సభ్యుణ్ణి, సెనేటర్‌నీ అడగండి. వాళ్ల డిస్ట్రిక్ట్ ఆఫీసుకి ఫోన్ చేసి, మీ వీధిలో ఏ సంతకం ఎందుకు పోయిందో ఒక్క ఉదాహరణతో చెప్తే సిబ్బంది రాసుకుంటారు. సెషన్ జనవరి నుంచి జూన్ మొదట్లో దాకా ఉంటుంది కాబట్టి చలికాలంలోనే అడగడం మంచిది. సిటీ చార్టర్‌లో ఉన్న సంఖ్యల కోసమైతే సిటీ కౌన్సిల్ సభ్యులను, చార్టర్‌లో మార్పులు సూచించే చార్టర్ రివిజన్ కమిషన్ వేసినప్పుడు దాని బహిరంగ విచారణలనూ పట్టుకోవాలి. అక్కడ ఎవరైనా పేరిచ్చి రెండు మూడు నిమిషాలు మాట్లాడొచ్చు.

నేను ఇప్పుడే పెద్ద పదవికి నిలబడను. ముందు ఇదంతా నేర్చుకోవడానికి దారి ఉందా?

ఉంది. పార్టీ కౌంటీ కమిటీకి నిలబడండి. మీ ఇంటి చుట్టుపక్కల కొన్ని బ్లాకులుండే ఎలక్షన్ డిస్ట్రిక్ట్ నుంచి ఎన్నికయ్యే పార్టీ పదవి అది. జీతం ఉండదు. అక్కడ మీ పార్టీ ఓటర్లు 400 మంది ఉంటే 20 సంతకాలు చాలు, ఒక శనివారం మధ్యాహ్నం పని. షీట్ నింపడం, సాక్షి ప్రకటన రాయడం, బోర్డులో దాఖలు చేయడం అన్నీ అసలు పిటిషన్ లాగే ఉంటాయి. పైగా పిటిషన్లు ఎవరెవరివి కలిపి ప్రింట్ చేయాలో మాట్లాడుకునే గదిలో మీక్కూడా ఓ కుర్చీ ఉంటుంది.